నలుపుకు హద్దు

నలుపు-తెలుపు ఇంక్‌జెట్ ఫోటోలో తెలుపు సిరా ఉండదు. తెలుపంతా కాగితానిదే. దాన్ని ఎక్కడ ఎంత కప్పాలన్నదే ఈ ముద్రణలోని విద్య.

పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఎండాకాలం నెర్రెలిచ్చిన రేగడిని ఫోటో తీస్తే నెర్రె లోపలి చీకటి, పెడ్డ నీడవైపు, ఎండ పడిన అంచు మూడూ వేరువేరు నలుపులు. ముద్రణలో నలుపు చాలలేదని సిరా పెంచితే అవి కలిసి ఒకే మరకవుతాయి. ఒక మోతాదు దాటాక కాగితం సిరాను మోయలేదు. నలుపు చిక్కబడదు, సిరా పక్కలకు పాకుతుంది, ఆరక చేతికంటుతుంది. పాశమైలారం పారిశ్రామికవాడలో మందుల పెట్టె మీద గడువు తేదీ కొట్టే యంత్రం దగ్గరా ఇదే చిక్కు. అక్కడ అలికిన అంకె రోగి ప్రాణానికి సంబంధించినది.

హద్దు కంటికి అందదు, కొలవాలి. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ ముద్రించి, పూర్తిగా ఆరనిచ్చి, నలుపు సాంద్రతను కొలిచే డెన్సిటోమీటర్‌తో ఒక్కో మెట్టునూ చదవాలి. సాంద్రత పెరగడం ఆగిన మెట్టే సిరాకు హద్దు. మ్యాట్ కాగితం మీద 1.6 దగ్గర ఆగితే వెలుగులో సుమారు 2.5 శాతం తిరిగొస్తుంది. నిగనిగలాడే కాగితం 2.2 అందుకుంటే 0.6 శాతమే. ఆ తర్వాత నడిమి మెట్లను సరిదిద్దాలి. చుక్క కాగితంలో విస్తరించడం వల్ల అవి అనుకున్నదానికన్నా ముదురుగా వస్తాయి.

ఒక్క నల్ల సిరాతోనే లేత బూడిద తేవాలంటే చుక్కలు ఎడంగా పడి ఆకాశం ఇసుక చల్లినట్టుంటుంది. అందుకే 2005లో ఎప్సన్ తెచ్చిన అల్ట్రాక్రోమ్ కె3 సిరాల్లో మూడు స్థాయుల నలుపు ఉంది. క్వాడ్‌టోన్ రిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏ సిరా ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గాలో ముద్రించేవారి చేతికే వదులుతుంది.

బొగ్గు రంగుద్రవ్యం లేతగా పడినచోట కాస్త గోధుమఛాయ కొడుతుంది. చిటికెడు సయాన్, మెజెంటా దాన్ని సరిచేస్తాయి. బూడిదనంతా రంగు సిరాలతోనే కలిపితే ట్యూబ్‌లైటు కింద ఒక ఛాయ, ఎండలో మరో ఛాయ కనిపిస్తుంది. భారం బొగ్గు మీదే ఉంచడం మేలు. వెలుగును తట్టుకుని ఎక్కువకాలం నిలిచేదీ అదే.

ఈ రోజు పట్టా అందుకుని సంగారెడ్డి, పటాన్‌చెరు పరిశ్రమల్లోకి అడుగుపెడుతున్న పట్టభద్రులారా, కొత్త కాగితం ఏది వచ్చినా ముందు మెట్ల పట్టీ ముద్రించండి. దాని వెనక కాగితం పేరు, తేదీ, సిరా హద్దు రాసి దాచండి.