దెబ్బతిన్న పసిపిల్లలకు శస్త్రవైద్యము



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు సవిస్తరముగా ప్రసంగించిరి. నేనును పిల్లలను గూర్చియే మాటలాడుదును గాని చదువును గూర్చి కాదు. నిప్పుచేతను, యంత్రములచేతను, కుక్కకాటుచేతను అవయవములు చెడిన పిల్లలకు మఱల రూపమును, పనిచేయు శక్తిని ఒసఁగు శస్త్రవైద్యమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయుదును. దీనిని ప్లాస్టిక్ సర్జరీ యందురు. ఆ పేరు విని అది సినిమాతారల యలంకారమని కొందఱు, ప్లాస్టిక్ వస్తువుతో వేయు అతుకని కొందఱు తలఁచుచున్నారు. గ్రీకుభాషయందు ఆ శబ్దమునకు మూలార్థము మలఁచుట. ఇచట మలఁచునది రోగి స్వదేహమందలి చర్మమాంసములనే.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునాఱవ అధ్యాయములో తెగిన ముక్కును మఱల నిర్మించు విధానము కలదు. ముక్కునకు సరిపడు ఆకును గొని, ఆ కొలతతో చెంపచర్మమును కోసి, దానిని పూర్తిగా తెంపక ముక్కుపైఁ గూర్చి, ఊపిరి యాడుటకు రెండు గొట్టములుంచవలయునని ఆచార్యుఁడు చెప్పెను. పూర్తిగా తెంపకుండుటలోనే కిటుకున్నది. రక్తము పాఱని చర్మము చచ్చును. ఆ అధ్యాయమున నాకు మిక్కిలి ప్రియమైన భాగము వేఱొకటి. అది శిశువు చెవులు కుట్టుటతో మొదలగును. పిల్లవానిని దాది యొడిలో కూర్చుండఁబెట్టి, ఆటవస్తువులు చూపి, లాలించుచు చెవి కుట్టవలయునఁట. శస్త్రము పట్టువానికి బొమ్మ పట్టుటయు తెలిసియుండవలెనని నేనర్థము చేసికొంటిని.

పూనా సమీపమున ముక్కు కోయఁబడిన యొక బండివానికి నొసటి చర్మముతో ముక్కు కట్టిన వృత్తాంతము 1794 అక్టోబరున లండనులోని 'జెంటిల్మన్స్ మాగజైను'లో అచ్చుపడెను. పిమ్మట కార్ప్యూ యను వైద్యుఁడు 1814లో లండనున అట్టి చికిత్సనే చేసెను. పూనాలో కత్తి పట్టినవాఁడు ఇటుకలు చేయు కులమువాఁడని ఆ పత్రిక చెప్పుచున్నది. కులసభలో ఈ మాట చెప్పుట అవసరమని తోఁచినది.

ఇఁక మన యిండ్లలోని సంగతి. పసిపిల్లలకు కాఁగిన నీరు, సాంబారు, టీ మీఁదఁ బడుట తఱచు. గాయము మానఁగానే ఇంటివారు గండము గడిచినదందురు. చిక్కు అప్పుడే మొదలగును. మచ్చ నెలల తరబడి లోలోన బిగిసికొనుచుండును. మెడ కాలినచో గడ్డము ఱొమ్మునకు అంటుకొనిపోవును. క్రింది పెదవి లాగుకొనిపోయి నోరు మూఁతపడదు. వ్రేళ్ళు అఱచేతిలోనికి ముడుచుకొనిపోవును. వైద్యులు ఆ బిగువును కోసి విప్పి, తొడనుండి పలుచని చర్మపుపొరను తీసి అచట పఱతురు. అంతతోఁ దీరదు. అతికిన చర్మమును బిగియఁజూచును. కావున నెలల కొలఁది బద్దలు కట్టవలయును, బిగుతు తొడుగులు తొడుగవలయును, దినదినము వ్యాయామము చేయింపవలయును.

పెద్దవారికిని పిల్లలకును గల భేదమొకటి చెప్పవలసియున్నది. నా ముఖ్యవిషయ మిదియే. పిల్లవాని యెముక పెరుగును; మచ్చ ఆ వడితో పెరుగదు. అయిదవ యేఁట చక్కఁబడిన చేయి పదియవ యేఁట మఱల బిగియవచ్చును. అది వైద్యుని లోపము కాదు; బిడ్డ ఎదుగుటయే దానికి కారణము. కావున ఎదుగుదల ముగియువఱకు మఱల మఱల చూపించుచుండవలయును, వలసినపుడు మఱల కోఁత వేయింపవలయును.

నా తరగతిలో ఒక బాలిక యుండెడిది. చంటితనమున కాలిన కుడిచేతి వ్రేళ్ళు ముడుచుకొనిపోఁగా ఎడమచేత వ్రాసెడిది. శస్త్రచికిత్స యైన తరువాత కుడిచేత కలము పట్టినది. అక్షరములు ముత్యములవలె లేకున్నను సొంత చేతివి. మూఁడేండ్లకు వ్రేళ్ళు మఱల ముడువసాగినవి. తండ్రిని పిలిపించి చెప్పితిని. "ఒకమాఱు చేయించితిమి గదా పంతులుగారూ, పెండ్లినాఁటికి చూచుకొందము" అనెను. ఆయన కఠినుఁడు కాఁడు. పదునైదు దినములు కూలి పోయినచో పొయ్యి వెలుఁగని యిల్లు. కాని పెండ్లినాఁటికి కీళ్ళు గట్టిపడిపోవును. పెండ్లి కొఱకు చేయి కావలెననుకొను మనము చేయి కొఱకే చేయి కావలెనని యేల యనుకొనము?

ఈ విద్య యెంతదాఁక పోయినదో తెలియుటకు ఒక్క యుదాహరణము. 1994లో పంజాబున తొమ్మిదేండ్ల బాలిక జడ పొలములోని యంత్రమున చిక్కి, ముఖచర్మము తలచర్మముతో సహా ఊడిపోయెను. ఇంటివారు దానిని ప్లాస్టిక్ సంచిలో వేసికొని వచ్చిరి. లూధియానాలో డాక్టరు అబ్రహాం థామస్ సన్నని రక్తనాళములను కలిపి ఆ ముఖమును మఱల నిలిపెను. ఆ బాలిక పెరిగి నర్సువిద్య నభ్యసించినది. ఊడినదానిని పాఱవేయక తెచ్చుటచేతనే అది సాధ్యమైనదని తల్లులు గుర్తుంచుకొనవలయును. తెగిన వ్రేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, సంచిలో మూటగట్టి, ఆ సంచిని మంచుగడ్డలపై నుంచి తేవలెను. మంచు వ్రేలికి తగులరాదు. కాలినచో ఇరువది నిమిషములు కుళాయి నీటిధార క్రింద ఉంచవలయును. సిరా, పేస్టు, పసుపు, మంచుగడ్డ ఏదియు వలదు. కుక్క కఱచినచో పదునైదు నిమిషములు సబ్బుతో కడిగి వెంటనే టీకా వేయింపవలయును.

శస్త్రచికిత్స వ్యయమునకు, 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు త్రోవ చూపినవి. మిగిలినవి బస్సుకిరాయి, బిగుతు తొడుగులు, తోడుండు తల్లిదండ్రుల కూలినష్టము. ఇవి చిన్న మొత్తములే. పిల్లలు ఆగిపోవునది ఇచటనే. మన దాతలు ఒకమాఱు పెద్దమొత్తమిచ్చి ఛాయాచిత్రము తీయించుకొందురు. అందు తప్పులేదు. కాని ఈ పిల్లలకు కావలసినది పదునెనిమిదవ యేఁటిదాఁక ఏఁటేఁట కొంచెము. ప్రతి శాఖయందును అట్టి పిల్లల పట్టిక యొకటి వ్రాసి, మఱల వైద్యునికి చూపవలసిన తేదీని పేరు ప్రక్కన వేసి, విద్యానిధి వడ్డీలో కొంతభాగము దానికి కేటాయింపవలెనని ప్రతిపాదన వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చితిని. అది మధ్యాహ్నము చర్చకు వచ్చును. బలపఱచువారు భోజనములకు లేచుటకు ముందే చేవ్రాలు చేయఁగోరుచున్నాను.