కెటిల్ ఆపి మాల్ట్ కలపండి

తైదలను (రాగులను) నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టిస్తే మాల్ట్ తయారవుతుంది. మొలకెత్తే గింజలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. అందుకే మాల్ట్‌తో కాచిన జావ పలుచగా, కాస్త తియ్యగా ఉంటుంది.

నిజామాబాద్ హాస్టల్లో ఉండే పిల్లలూ, మల్టీ కెటిల్‌లో జావ కాస్తున్నారా? దాని వేడంతా అడుగు నుంచే వస్తుంది. మరిగే నీళ్లలో పొడి పోస్తే ఉండలు కడుతుంది, అడుగంటి మాడుతుంది, పొంగి స్విచ్ మీద పడుతుంది.

కెటిల్ ఆపండి. మాల్ట్‌ను చల్లనీళ్లలో జారుగా కలుపుకోండి. దాన్ని కెటిల్‌లోని వేడినీళ్లలో సన్నని ధారగా పోస్తూ, కర్ర గరిటెతో అడుగు వరకు తిప్పండి. ఆ తర్వాతే స్విచ్ వేయండి. విదేశాల్లో ఇంట్లో బీరు కాచేవాళ్లు కూడా బార్లీ మాల్ట్ పాకం పోసేటప్పుడు వేడి ఆపేస్తారు.

నిజామాబాద్ ఒకప్పుడు చెరకు సీమ, మనకు బెల్లం లేకుండా జావ రుచించదు. బెల్లం కూడా అడుగంటుతుంది. కాబట్టి చివర్లో, మళ్లీ కెటిల్ ఆపాకే వేయండి.