మన నేల దాచిన వింతలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమున నాలుగు మాటలు చెప్పుటకు అవకాశమిచ్చినందులకు కృతజ్ఞుడను. విజ్ఞానశాస్త్రమునందలి క్రొత్త వింతలను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. వింత యనగానే మన చూపు చంద్రమండలము వైపునకో, సముద్రముల కావలి దేశముల వైపునకో పోవును. నేనంత దూరము పోదలచలేదు. ఆసిఫాబాదునుండి రెబ్బెనకు, అచ్చటినుండి ప్రాణహిత యొడ్డునకు మాత్రమే మిమ్ము తోడ్కొని పోయెదను.

ప్రాణహితా గోదావరీ లోయలో ఎఱ్ఱమట్టి రాళ్లు, సున్నపురాళ్లు పొరలు పొరలుగా నున్నవి. సిరోంచ చెంతనున్న కోట యను గ్రామము పేరిట శాస్త్రజ్ఞులు వీనిలో కొన్నిటికి కోట శిలాశ్రేణి యని పేరు పెట్టినారు. వాని వయస్సు సుమారు పదునెనిమిది కోట్ల సంవత్సరములు. ఆ కాలమున ఇచ్చట సరస్సులు, నదులు నుండెడివి. ఆ సరస్సులలోని చేపల రూపములు సున్నపురాతిపై అచ్చువేసినట్లు నిలిచియుండుటను పంతొమ్మిదవ శతాబ్దముననే పండితులు గుర్తించిరి.

పిమ్మట 1958-61 నడుమ కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు ప్రాణహిత కావలి వైపున సిరోంచ ప్రాంతమందలి పోచంపల్లి యను గ్రామము చెంత త్రవ్వకములు జరిపిరి. లెక్కలు వేయు సంస్థకు ఎముకలతో పనియేమని మీరడుగవచ్చును. దాని స్థాపకులైన మహలనోబిస్ గారికి సర్వశాస్త్రములయందును ఆసక్తి మెండు. అచ్చట దొరకిన మహాజంతువు తొడయెముక ఒక్కటియే అయిదున్నర అడుగుల పొడవున్నది. వంగభాషలో పెద్దకాలు అను అర్థము వచ్చునట్లును, 1961లో జరిగిన రవీంద్రుని శతజయంతికి గుర్తుగాను దానికి బారాపాసారస్ టాగోరై యని 1975లో నామకరణము చేసిరి. దాని అస్థిపంజరము నేడు కలకత్తాలో ఆ సంస్థవారి ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

నది కీవలనున్న మనకును అట్టి భాగ్యమే పట్టినది. నాటి ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి గ్రామము చెంత భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖవారు ఎనిమిదివందల నలుబది ఎముకలను వెలికితీసిరి. అవి కనీసము పండ్రెండు జంతువులవి. దాదాపు ముప్పదియడుగుల పొడవుగల ఈ శాకాహార జంతువునకు పి. యాదగిరి గారు 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. మన పల్లె పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములకెక్కినది. హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు పోయినవారు దానిని చూచియేయుందురు. అది మన ప్రక్కయూరిదని వారిలో ఎందరికి తెలియును?

పెద్దవస్తువు కనబడుట వింతకాదు. చిన్నవస్తువు కనబడుటయే వింత. రెబ్బెన చెంతనున్న పైకాసిగూడెపు మట్టిని శాస్త్రజ్ఞులు మోసికొనిపోయి, నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, ఆరబెట్టి, మిగిలిన రజనును సూక్ష్మదర్శని క్రింద గింజగింజగా వెదకిరి. మన తల్లులు బియ్యములో రాళ్లేరినట్లు వారు రాళ్లలో పండ్లను ఏరిరి. బియ్యపుగింజకంటె చిన్నవైన ఆ పండ్లలో కొన్ని పాలిచ్చు జంతువులవి. పంటి తలపైనున్న మొనల అమరికనుబట్టి, వేళ్ల చీలికనుబట్టి అది బల్లిజాతిదా, పాలిచ్చు జాతిదా యని తేల్చెదరు. అట్టి పన్ను ఒకదానిని ప్రసాద్, మన్హాస్ అనువారు 1997లో వర్ణించిరి. 2002లో దానికి పైకాసిగూడోడాన్ యాదగిరి యని పేరు మార్చిరి. ఆ పేరులో పైకాసిగూడెము, పన్ను, మున్ను శ్రమించిన యాదగిరిగారు ముగ్గురును గలరు. మహాకాయములు సంచరించిన కాలముననే వాని కాళ్లసందున ఎలుకంత ప్రాణులు బ్రతికియుండెనని ఈ గోరంత పన్ను సాక్ష్యము చెప్పినది.

ఇంతవరకు కనుగొనుటను గూర్చి చెప్పితిని. కల్పించుటను గూర్చియు ఒక మాట. సిరోంచ కడనున్న పోచంపల్లి ఎముకలకు ప్రసిద్ధి. మనవారెల్లరు ఎరిగిన పోచంపల్లి చీరలకు ప్రసిద్ధి. ఆ చీరకు దారమును ఆసుపై పోయవలెను. నడుమనున్న మేకునుండి అర్ధచంద్రాకారముననున్న మేకులకు దారమును త్రిప్పుచు ఒక్క చీరకు దాదాపు తొమ్మిదివేలసార్లు చేయి ఆడింపవలెను. ఆలేరు ప్రాంతమందలి శారాజీపేటలో లక్ష్మి గారను తల్లి ప్రతిదినము ఈ పని చేసి భుజము నొప్పితో బాధపడెడిది. ఆరవ తరగతితో చదువు మానిన ఆమె కుమారుడు చింతకింది మల్లేశము 1992లో యంత్రము చేయ పూనుకొనెను. ఒక్కొక్క కదలికను సాధించుచు వచ్చి చివరి మెట్టుకడ చిక్కుపడెను. హైదరాబాదులో పనిచేయుచు వేరొక యంత్రము కదలికను చూచినప్పుడు ఆ చిక్కు వీడినది. 1999లో ఆసుయంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరే పెట్టెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. 2017లో ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. ఆసులో కండెవలె తిరుగుట యని సామెతగా చెప్పుకొను మనము ఆ తిరుగుడులోని నొప్పిని చూడలేదు. ఆయన చూచెను.

సభ్యులారా, ఈ కథలు వినోదమునకు చెప్పినవి కావు. బారాపాసారస్ ఎముకలు మూడువందలవరకు దొరకినవి గాని తల దొరకలేదు. కోటాసారస్ కును తల దొరకలేదు, రెండు పండ్లు మాత్రము చిక్కినవి. ఆ తల ఏమైనదో ఎవరెరుగుదురు? ఈ నేలలోనే యున్నచో రేపు ఏ బావి త్రవ్వునప్పుడో, ఏ రైతు నాగటి కఱ్ఱు క్రిందనో బయటపడవచ్చును. వింతరాయి యని పగులగొట్టినను, సున్నపుబట్టీలో వేసినను పదునెనిమిది కోట్లయేండ్లు నిలిచినది ఒక్క పూటలో బూడిదయగును. ఇంటికి తెచ్చి గూటిలో పెట్టుకొన్నను సగము నష్టమే. ఏలయన ఏ పొరలో, దేని ప్రక్కన దొరకినదను సంగతి పోయినచో ఎముక మూగదగును.

కావున నాదొక విన్నపము. అట్టిది కంటబడినచో కదలింపకుడు. స్థలమును గుర్తుపెట్టి, ఈ గ్రంథాలయమున ఒక పుస్తకమునందు తేదీతో వ్రాయింపుడు. భూవిజ్ఞాన శాఖకు జాబు వ్రాయుపని కార్యవర్గమువారిది. వేరొక కోరిక కూడ కలదు. మన మట్టిని గూర్చిన విషయమంతయు ఆంగ్ల పత్రికలలో నిదురించుచున్నది. తెలుగున శాస్త్రగ్రంథములు వెలువరింపవలెనని 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి హైదరాబాదులో పుట్టినది. ఆ బాట ఇంకను ముగియలేదు. రానున్న ఇరువదియైదేండ్లలో ఈ బీరువాలలో ఒక అర మన నేల చరిత్రకు కేటాయింపుడు. పైకాసిగూడెపు బాలుడు తన యూరిపేరుగల ప్రాణిని గూర్చి తన భాషలో చదువుకొనుట మన కర్తవ్యము కాదా?