పండుగ పూట పై సంపాదన

(కారేపల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం పేరు వినగానే ముందు వరుసలోని మిత్రులు కొందరు నవ్వారు. మన కార్యాలయాలలో పై సంపాదన అంటే బల్ల కింద చేయి చాపడమనే అర్థం ఉంది గనుక ఆ నవ్వు సహజమే. నేను చెప్పబోయేది దానిని గూర్చి కాదు. ఇంట్లో చేసిన వస్తువు అమ్మి, చేతనైన పని నలుగురికి చేసిపెట్టి, పండుగ ఖర్చుకు నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గూర్చి.

1986 సంక్రాంతి ముందు మాట. నేను గుమాస్తాను. ముగ్గురు పిల్లలు. దసరాకు తీసుకున్న పండుగ అడ్వాన్సు వాయిదాలు ఇంకా జీతంలో కోతపడుతున్నాయి. పిల్లలకు కొత్త బట్టలు ఎట్లాగో తెలియదు. నా భార్య సకినాలు చుట్టడంలో నేర్పరి. మన ఊరు డోర్నకల్ - భద్రాచలం రోడ్ లైను మీద జంక్షను, ఇల్లందు లైను చీలేది ఇక్కడే. స్టేషను దగ్గర కాపురముండే రైల్వే కుటుంబాల వారు అడుగుతున్నారని, చేసి ఇస్తానని ఆమె అన్నది.

నేను ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా ఉద్యోగి వ్యాపారం చేయరాదని 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో ఉన్నదని అడ్డం చెప్పాను. అసలు సంగతి నామోషీ. చివరకు పై అధికారికి ఒక కాగితం రాసిపెట్టి, ఒక షరతు మీద సరేనన్నాను. డబ్బాలు వెనుక గుమ్మం గుండానే పోవాలి, ఎవరి కంటా పడరాదు.

ఆమె పిండి జల్లిస్తూనే, "ఏమండీ, లంచం తెచ్చేవాళ్ళు ముందు గుమ్మంలోంచే వస్తారు గదా! మన సకినాలు వెనుక గుమ్మంలోంచి ఎందుకు పోవాలి?" అన్నది. నేను లంచం ముట్టినవాణ్ణి కాను. అయినా జవాబు దొరకలేదు. డబ్బాలు ముందు గుమ్మం గుండానే వెళ్ళాయి. పిల్లలకు బట్టలు వచ్చాయి.

ఇంతవరకు ఆమె గొప్పతనం. ఇక నా తప్పు చెబుతాను.

లెక్కలు నేనే రాశాను. బియ్యం, నువ్వులు, వాము, నూనె, మర పట్టించిన డబ్బులు, కట్టెలు అన్నీ ఖర్చులో వేశాను. చుట్టడానికి సాయం వచ్చిన తండా స్త్రీకి ఇచ్చిన కూలి కూడా ఖర్చులో వేశాను. నా భార్య కూలి మాత్రం వేయలేదు. మిగిలినదంతా లాభమని అందరికీ చెప్పుకున్నాను. రాత్రి బియ్యం నానబోసి, తెల్లవారి బట్ట మీద ఆరబెట్టి, పిండి పట్టించి, నడుము వంచి వరుసలు వరుసలుగా చుట్టి, తడి లాగిన తరువాత పొయ్యి దగ్గర కూర్చుని కాల్చిన మనిషి నా చిట్టాలో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ లెక్కలు తప్పులేకుండా రాసిన నేను ఇంటి లెక్క తప్పు రాశాను. ఆమె ఇప్పుడు లేదు. ఆ కూలి బాకీ అట్లాగే ఉండిపోయింది.

అందుచేత మీకు మనవి చేసేది, ధర కట్టేటప్పుడు ఇంటి మనిషి శ్రమను ముందు వేయండి. ఒక లెక్క చూడండి. సరుకులు 620 రూపాయలు, మర, వంటచెరకు 80, మొత్తం 700 అనుకుందాం. అమ్మితే 900 వచ్చాయి. 200 లాభమని సంతోషిస్తాము. ఇద్దరు ఆడవాళ్ళు చెరి 5 గంటలు పనిచేస్తే మొత్తం 10 గంటలు. గంటకు 20 రూపాయలు పడ్డది. ఇది లాభం కాదు, చాలీచాలని కూలి. కొనేవారికి కూడా ఒక మాట. అడవి నుంచి మోదుగాకు విస్తళ్ళు కుట్టి తెచ్చే అమ్మ దగ్గర కట్టకు రెండు రూపాయలు తగ్గించమని బేరమాడేటప్పుడు, ఆకు కోసిన పొద్దు, కుట్టిన పొద్దు కూడా లెక్కలో వేయండి.

1959 మార్చి 15న బొంబాయి గిర్‌గావ్‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో అప్పడాలు మొదలుపెట్టారు. అదే లిజ్జత్ అప్పడం. అందులో పనిచేసే స్త్రీలే యజమానులు. మన తెలుగునాట నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాపై పోరాడిన తరువాత, పొదుపులక్ష్మి పేరుతో రోజుకు ఒక రూపాయి దాచే సంఘాలు ఊరూరా వెలిశాయి. ఈ రెండు చోట్లా కష్టపడిన మనిషి చేతికే డబ్బు వచ్చింది. అసలు కిటుకు అదే.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఆర్డరు వచ్చినంతే చేయండి, సగం డబ్బు ముందే తీసుకోండి. మొహమాటానికి అరువు పెడితే పండుగ పోయి పగ మిగులుతుంది. కాగిన నూనె మళ్ళీ మళ్ళీ వాడవద్దు. చేసిన తేదీ పొట్లం మీద రాయండి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం తినుబండారాలు చేసి అమ్మే చిన్నవారు సైతం పేరు నమోదు చేయించుకోవాలి, మరువవద్దు.

పొయ్యి దగ్గర కూర్చోలేనివారికి వేరే పనులున్నాయి. బతుకమ్మకు ముందు చీరలకు ఫాల్ కుట్టడం, సెలవుల్లో పిల్లలకు లెక్కలు చెప్పడం, బ్యాంకు ఫారాలు, దరఖాస్తులు నింపడం మనకు చేతనైనవే. నేను ఫారాలు నింపుతాను. శ్రమకు తగినది తీసుకుంటాను, కుటుంబ పింఛను మీద బతికే తల్లుల దగ్గర తీసుకోను. ఎవరి పిన్ నంబరూ అడగను. కాగితం రాసిపెట్టడం వరకే మన పని. దాన్ని పట్టుకుని కార్యాలయం మెట్లెక్కి "నేను చేయిస్తాను" అన్నామా, అది పైరవీ అవుతుంది. మొదట మిత్రులు నవ్విన పై సంపాదన అదే.

2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవారికి మన పాత పింఛను లేదు. వారు ఇప్పుడిప్పుడే విశ్రాంతికి వస్తున్నారు. చాలామందికి ఈ చిల్లర డబ్బులు సరదా కాదు, అవసరం. వారు సకినాల డబ్బా పట్టుకుని మన వాకిట్లోకి వస్తే నామోషీగా చూడకండి. ముందు గుమ్మంలోంచే లోపలికి పిలవండి. ధర అడిగి, బేరమాడకుండా ఇవ్వండి.