పాత స్పోర్ట్స్ కారు – పైమెరుగు, లోపలి అరుగుదల
(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై కావ్యమును గూర్చియో, నాటకమును గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు నేనొక యంత్రమును గూర్చి మాటలాడబోవుచున్నాను. అందును దాని యింజనును గూర్చి కాదు. దాని లోపలనున్న సీటును, పిడిని, అద్దమును, కాళ్ళక్రింది చాపను గూర్చి. ఇది చిన్న విషయమని మీరు చిరునవ్వు నవ్వవచ్చును. ప్రాణముతో ముడిపడిన విషయమేదియు చిన్నది కాదని మాత్రము మొదటనే మనవి చేసికొందును.

ఢిల్లీలో 1964వ సంవత్సరమున స్టేట్స్‌మన్ పత్రికవారు ప్రారంభించిన పాతకార్ల ర్యాలీని చూచినవారు మన సభలో కొందరైనను ఉందురు. అట్టి ప్రదర్శనలలో వరుసగా నిలిచిన కార్లను చూచువారు మొట్టమొదట రంగును, క్రోమియము తళుకును మెచ్చుకొందురు. కొంత తెలిసినవారు మూత ఎత్తించి యింజనును పరికింతురు. తలుపు తీసి, సీటు క్రింద చేయిపెట్టి, అది గట్టిగా నిలిచియున్నదా లేదాయని చూచువారు మిక్కిలి అరుదు. నడుపువాడు మాత్రము తన శరీరమునంతను ఆ సీటునకే అప్పగించి కూర్చుండును. పైన పటారము, లోన లొటారమను సామెత మనుష్యులకే గాక పాతకార్లకును చక్కగా వర్తించును.

దృష్టాంతముగా ఎం.జి. కార్లను తీసికొందము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణమున ఆబింగ్డన్ అను చిన్న పట్టణము గలదు. అచ్చటి కార్ఖానాలో 1945 మొదలు 1949 వరకు ‘టి.సి.’ అను నమూనా సుమారు 10,000 కార్లు తయారైనవి. 1962 మొదలు 1980 వరకు ‘ఎం.జి.బి.’ అను నమూనా 5 లక్షలకు పైగా తయారైనది. ఆ కార్ఖానా 1980లోనే మూతపడినను, వేలకొలది కార్లు నేటికిని లోకములో తిరుగుచున్నవి. నిర్మాణము సులభమగుటయు, విడిభాగములు ఇప్పటికిని దొరకుచుండుటయు ఇందుకు కారణములు.

ఇట్టి కారు చిన్నది. నేలకు మిక్కిలి దగ్గర. నడుపువాడు కాళ్ళు చాచి, తక్కువ ఎత్తులో కూర్చుండును. మలుపులో కారు ఏ ప్రక్కకు ఒరుగుచున్నదో, వెనుక చక్రము జారుచున్నదో అతనికి మొదట తెలియునది కంటితో కాదు, నడుముతో. కావున స్పోర్ట్స్ కారులో సీటు కూర్చుండు పీట మాత్రమే కాదు. అదియు ఒక పనిముట్టే.

ఎం.జి.బి. సీటు పైన తోలో, రెగ్జినో ఉండును. దాని క్రింద స్పంజి. ఆ స్పంజిని మోయునది ఇనుప చట్రమునకు కొక్కెములతో తగిలించిన రబ్బరు. పైతోలు బాగుగనే కనబడుచుండగా, క్రిందనున్న రబ్బరు గట్టిపడి, పగిలి, ఒకనాడు తెగును. అప్పుడు నడుపువాడు రెండు మూడు అంగుళములు ఒక్కమారుగా క్రిందికి దిగబడును. కంటిమట్టము మారును, క్లచ్చిని త్రొక్కు కాలి కోణము మారును, అద్దములో వెనుకబాటకు బదులు ఆకాశము కనబడును. నిలిచియున్నప్పుడు ఇది నవ్వులాట. మలుపు నడుమ జరిగినచో నవ్వులాట కాదు.

అంతకన్న ప్రమాదకరమైనది సీటు జరుగు పట్టాల సంగతి. ఈ కారులో పట్టాలక్రింద సన్నని కొయ్యబద్దలుంచి, వానిగుండ నేలరేకునకు బోల్టులు బిగింతురు. వానకు తివాచీ తడిసినచో దాని అడుగున పరచిన జనుము రోజులకొలది నీరు పట్టియుంచును. కొయ్య కుళ్ళును, రేకు తుప్పుపట్టును, బోల్టు కదలును. సీటును నిలిపియుంచు గొళ్ళెము గూడ అరిగియున్నచో, ఎత్తునకు ఎక్కునప్పుడో వేగము పెంచినప్పుడో సీటు వెనుకకు జారును. కాలు పెడలును విడుచును. పడిపోవుదునను భయముచేత చేతులు స్టీరింగును గట్టిగా లాగును. యింజనులో ఏ లోపము లేకుండగనే కారు త్రోవ తప్పుటకు ఇంతకన్న ఏమి కావలెను?

ఇక కాళ్ళ సంగతి. పెడళ్ళపై రబ్బరు అరిగి ఇనుము బయటపడినచో, తడిచెప్పు దానిపై నిలువదు. చిరిగిన చాప ముందుకు జరిగి బ్రేకుక్రింద దూరినచో, ఎంత త్రొక్కినను పెడలు పూర్తిగా దిగదు. పాత ఎం.జి. కార్లలో పెక్కింటియందు నూనె ఒత్తిడిని చూపు మీటరునకు విద్యుత్తు తీగ ఉండదు. సన్నని గొట్టముద్వారా యింజనులోని నూనెయే మీటరువరకు వచ్చును. ఆ గొట్టము చిట్లినచో కాగిన నూనె డాష్‌బోర్డు వెనుకనుండి పాదములపై చిందును. కాలు కాలుట ఒక బాధ. నూనె పడిన పెడలుపై కాలు జారుట అంతకుమించిన ఆపద.

చేతికి దొరకు వస్తువులలో మొదటిది గేరుకాడ తలపైనున్న గుండు. మరలు అరిగిన గుండు గేరు మార్చునప్పుడు ఊడి చేతిలోనికి వచ్చును. అద్దము దింపు పిడి ఊడి ఒడిలో పడును. తలుపు లాగికొను పట్టీ తెగును. ఇవి చిన్నవి. తలుపు గడియ మాత్రము చిన్నది కాదు. ‘టి.సి.’ కారు తలుపులు వెనుకవైపు కీళ్ళతో, ముందువైపున తెరచుకొనునట్లు అమర్చబడినవి. దేహము కొయ్య చట్రముపై నిలిచియుండును. కొయ్య సడలి, గడియ అరిగినచో, కొంచెము తెరచుకొన్న తలుపును ఎదురుగాలి మూయదు. ఇంకను బార్లా తెరచును.

కంటికి సంబంధించినవి మరికొన్ని గలవు. ముందు అద్దమునకు జిగురుతో అంటించిన చిన్న అద్దము మండువేసవిలో ఊడి పడును. 1970, 1980 దశకములలోని కప్పుకార్లలో పెక్కింటియందు లోకప్పునకు అంటించిన స్పంజి పొడియై, గుడ్డ జారి నడుపువాని తలపై ముసుగువలె వ్రేలాడును. వేగము చూపు మీటరు కేబులు అరిగినచో ముల్లు 40కిని 70కిని నడుమ నాట్యము చేయును. గుడ్డటాపు కార్లలో వెనుకకిటికీకి కుట్టిన ప్లాస్టికు రేకు పసుపుబారి, మసకయై, వెనుక వచ్చు లారీని దాచును.

ఇవి యన్నియు విన్న పిమ్మట, అద్దము ఊడినంత మాత్రమున ఎవరైన చనిపోవుదురాయని మీరు ప్రశ్నింపవచ్చును. ఊడిన అద్దము చంపదు. దానివైపు చూచు చూపు చంపును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున కారు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. ఒడిలో పడిన పిడిని చూచి, తీసి, ప్రక్కన పెట్టుటకు రెండు సెకనులు పట్టుననుకొందము. అంతలో కారు 33 మీటర్లు కన్నులు లేకుండగనే పోయినది. ఆ 33 మీటర్లలో ఒక సైకిలుగాని, ఒక ఆవుగాని, రోడ్డు దాటు బిడ్డగాని ఉండవచ్చును. కావున నడుపువాడు పాటింపవలసిన నియమమొక్కటే: పడినదానిని పడనిండు. చూపు బాటమీద, చేతులు స్టీరింగుమీద ఉంచి, వేగము తగ్గించి, ఎడమప్రక్కకు తీసి, ఆపిన పిమ్మటనే వంగవలెను.

తమ కారు ఎక్కువగా తిరుగలేదనియు, కావున అరుగలేదనియు కొందరు యజమానులు చెప్పుచుందురు. ఇది సగము నిజము. ఇనుము రాపిడిచేత అరుగును. రబ్బరు, స్పంజి, ప్లాస్టికు కాలముచేతనే చెడును. గాలిలోని ఆమ్లజని, ఓజోను రబ్బరును పగులగొట్టును. గాలిలోని తేమ స్పంజిని పొడిచేయును. ఎండ ప్లాస్టికులోని మెత్తదనమును హరించును. 1982 మొదలు 1991 వరకు తయారైన పోర్షా 944 కార్ల డాష్‌బోర్డులు ఎండకు బీటలు వారుట అభిమానులందరు ఎరిగినదే. పది సంవత్సరములు షెడ్డులో నిద్రించిన కారు పదిలముగా నున్నదనుకొనరాదు.

ఇచ్చట ఒక వాదము వచ్చును. పాతకారు విలువ దాని అసలుతనములో ఉన్నది గదా. సీటు మార్చినచో, పిడి మార్చినచో చరిత్ర చెడదాయని సేకర్తలు అడుగుదురు. ఈ వాదమును నేను తేలికగా త్రోసిపుచ్చను. అరువది సంవత్సరములు ఎందరో కూర్చుండి నునుపెక్కించిన తోలుకు ఒక అందమున్నది. క్రొత్తతోలు దానిని తేలేదు. కాని కంటికి కనబడునది వేరు, బరువు మోయునది వేరు. పైతోలు పాతదే ఉండనిండు, దాని క్రింది రబ్బరు క్రొత్తది కావలెను. డాష్‌బోర్డు బీట ఉండనిండు, దాని వెనుక గొట్టము క్రొత్తది కావలెను. తలుపు పిడి పాతదే ఉండనిండు, గడియ మాత్రము గట్టిది కావలెను. చూచుటకు ఉన్నదానిని కాపాడి, మోయుటకు ఉన్నదానిని మార్చినచో చరిత్రకును హాని లేదు, ప్రాణమునకును హాని లేదు.

మన ప్రభుత్వ నిబంధనలకును ఇది విరుద్ధము కాదని నా అభిప్రాయము. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలను 2021 జూలైలో సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటిన వాహనములకు ప్రత్యేక పద్ధతిని ఏర్పరచిరి. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు. కారు అసలు రూపములో ఉండవలెననియు, ఛాసీలోను, దేహములోను, యింజనులోను మార్పులు జరిగియుండరాదనియు నియమము. అట్టి కారును నిత్యోపయోగమునకు నడుపరాదు. ప్రదర్శనలకును, ర్యాలీలకును, పరిశోధనకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతునకును తీయవచ్చును. సీటులోని తెగిన రబ్బరును మార్చుట ఆ నియమము పేర్కొన్న మార్పులలోనిది కాదు. పైగా, ఏడాదికి రెండు మూడు పర్యాయములు మాత్రమే బయటికి వచ్చు కారులో ఏది చెడినదో నడుపువానికి ముందుగా తెలియు అవకాశము తక్కువ. కావుననే పరీక్ష మరింత అవసరము.

ఆ పరీక్షకు పానాలపెట్టె గూడ అక్కరలేదు. ఐదు నిమిషములు చాలును. యింజను ఆన్ చేయకముందే సీటులో కూర్చుండి, పాదములతో నేలను తన్ని, సీటు కదలునేమో చూడవలెను. మూడు పెడళ్ళను చివరవరకు త్రొక్కి, చాప అడ్డువచ్చునేమో చూడవలెను. గేరుగుండును త్రిప్పి చూడవలెను. తలుపును మూసి, లోపలినుండి భుజముతో నెట్టి చూడవలెను. అద్దమును వ్రేలితో కదపవలెను. డాష్‌బోర్డు క్రింద చేయిపెట్టి తడి తగులునేమో చూడవలెను. సీటుబెల్టు ఉన్నచో దానిని పూర్తిగా లాగి, అంచులు పీచులు లేచినవేమో పరికింపవలెను. వీనిలో ఏ ఒక్కటి సందేహముగా నున్నను, ఆ దినము కారు కదలరాదు. ఊరేగింపునకు జనము ఎంతగా ఎదురుచూచుచున్నను సరే.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు మన పెద్దలు. కారునకు ఇల్లు దాని లోపలి భాగము. రచ్చలో వేగముగా పరుగెత్తుటకు ముందు, ఆ ఇంటిని చక్కబెట్టుకొనుట యజమాని మొదటి విధి.