మగ్గం పక్కన సెల్లు



సెక్రటరీ లేచినాడంటే పట్టు ధర, జరీ ధర, రావలసిన బాకీలు చదువుతాడని మీరు అనుకుంటారు. అవన్నీ నివేదికలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పొద్దు మన బిడ్డలు సెల్లులో ఆడే ఆటల గురించి మాట్లాడాలని ఉంది. మేము చదివింది ఎనిమిదో క్లాసు. సెల్లు సంగతి మాకంటే మా మనవడికే బాగా తెలుసు. అయినా ఈ విషయం మా దగ్గరికి సంఘం లెక్కల దారిలోనే వచ్చింది, అందుకే చెప్తున్నాం.

కొన్ని నెలల కింద మా సభ్యుడొకాయన పాసుబుక్కు పట్టుకొని ఆఫీసుకు వచ్చినాడు. పేరు చెప్పం. సంగతి మాత్రం నలుగురికీ చెప్పండి అని ఆయనే అన్నాడు. వస్తూనే కోపం. "రెండు చీరల కూలి తక్కువ వేసినారు. ఇట్లా చేస్తే మేమెట్లా బతికేది సెక్రటరీగారూ?" మాకూ కోపం వచ్చింది. రిజిస్టరు తీసి చూపించినాం. కూలి పూర్తిగా పడింది. మరి ఏమైంది? ఆయన సెల్లులో బ్యాంకు మెసేజులు చూస్తే కూలి పడిన రాత్రి నుంచే 80, 160, 400 అని పోతా ఉంది. తరువాత ఒకసారి 2,000, ఇంకోసారి 2,000. అన్నీ రాత్రి పదకొండు దాటినాకే. మెసేజులు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి ఆయన చూడకుండానే తోసేసినాడు.

పన్నెండేళ్ల కొడుకును పిలిపించినాం. మొదట తెలీదన్నాడు. వాళ్ల అవ్వ పక్కన కూర్చోబెట్టుకొని అడిగితే మెల్లగా చెప్పినాడు. ఆటలో తుపాకులకు, బట్టలకు డైమండ్లు కొనాలంట. చిన్న మొత్తాలన్నీ వాటికే పోయినాయి. ఆ ఆటలో ఎవరితోనైనా మాట్లాడవచ్చు కూడా. ఎవడో ఒకడు "తమ్ముడూ" అంటా నెలరోజులు జతగా ఆడినాడు. తరువాత వాట్సాప్‌కు రమ్మన్నాడు. మంచి తుపాకి ఇప్పిస్తా, డబ్బు పంపు అన్నాడు. ఫోటో అడిగితే బిడ్డ ఫోటో కూడా పంపినాడు. ఆ తరువాత మాట మారింది. ఇంకా పంపకుంటే మీ నాయనకు చెప్తాను అని బెదిరింపు. రెండు వారాలు ఆ బిడ్డ ఆ భయం కడుపులో పెట్టుకొనే ఇస్కూలుకు పోయి వచ్చినాడు. సాయంత్రమైతే తండ్రి మగ్గానికి రెండు మూరల దూరంలోనే కూర్చుంటాడు. బిడ్డ కళ్ల ముందరే ఉన్నాడు గదా అని ఇంట్లో అందరికీ ధీమా.

తండ్రి చెయ్యెత్తినాడు. అవ్వ అడ్డం వచ్చింది. అప్పుడు మేము అడిగినాం, "పిన్ నంబరు నీకెవరు చెప్పినారు నాయనా?" అని. వాడు ఏమీ అనలేదు, తండ్రి మొహం చూసినాడు. తండ్రి అట్లే కింద కూర్చుండిపోయినాడు.

ఎందుకంటే చెప్పింది ఆయనే. మన పని ఎట్లాంటిది? కాళ్లు గుంటలో, చేతులు నాడె మీద. పాలవాడు వస్తాడు, గ్యాసు వస్తుంది. "ఒరే, పిన్ కొట్టి పంపురా" అంటాం. ఇది జరగని ఇల్లు మన వీధిలో ఎన్ని ఉన్నాయి? మా ఇంట్లో ఉండేదీ అంతే. బిడ్డ పెట్టె తాళం దొంగిలించలేదు, మనమే చేతిలో పెట్టినాం.

1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చినాం. డబ్బు మోసానికి ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, పెద్ద నంబరు కాదు, గుర్తు పెట్టుకోండి. మేము చేసేసరికి ఆలస్యమైంది. ఆ డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు.

సర్కారు చూసుకోదా అని కొందరు అడుగుతారు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినారు. మరుసటి ఏడాదే అట్లాంటి ఆట వేరే పేరుతో వచ్చింది. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మంచిదే. కాని మన బిడ్డలు ఆడేవి ఎక్కువగా పందెం ఆటలు కావు. వాటిలో తుపాకి కొంటారు, ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట్లాడతారు. ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఆ సెల్లు ఇంట్లోకి తెచ్చిందీ మనమే. కరోనాలో ఇస్కూళ్లు మూస్తే చదువు కోసమని అప్పు చేసి కొన్నాం. కాంచీపురంలో కోర్వై చీర నేసేవాళ్లకు ఇంకో సంగతీ గుర్తుంటుంది. మూడు నాడెల పని, అవతలి అంచు నాడెకు ఇంకొకరు కావాలి. ఆ చోట మనం బిడ్డల్నే కూర్చోబెట్టినాం. మేమూ ఎనిమిదో క్లాసు తరువాత అక్కడే కూర్చున్నాం. పిళ్లయార్‌పాళయం వీధుల్లో ఇది తెలియని ఇల్లు లేదు. తరువాత చట్టం వచ్చి, మనకూ బుద్ధి వచ్చి, బిడ్డల్ని మగ్గం నుంచి లేపి ఇస్కూలుకు పంపినాం. లేపిన బిడ్డను ఊరికే ఉండమని సెల్లు ముందర కూర్చోబెడితే, వాడు ఎవరితో జతకట్టినాడో మనం చూడలేదు. మగ్గం మీద అవతల కూర్చున్నప్పుడు కనీసం ఒకరి మొహం ఒకరం చూసేవాళ్లం.

సెల్లు పగలగొట్టమని మేము అనం. డిజైను ఫోటో దాంట్లోనే వస్తుంది, కూలి పడిన మెసేజూ దాంట్లోనే. మేము చేసింది ఒకటి చెప్తాం. మనవడి పక్కన కూర్చొని వాడి ఆట చూసినాం. నూరుమంది విమానం నుంచి గొడుగులేసుకొని దూకుతారు, చివరికి మిగిలినవాళ్లే గెలిచినట్టు. మాకు తల తిరిగింది. కాని ఒకటి అర్థమైంది. జతవాళ్లు ఉంటారు కాబట్టి నడిమధ్యలో పిలిస్తే వాడు లేవడు. పేటు మధ్యలో పిలిస్తే మనం మాత్రం లేస్తామా? ఇప్పుడు మొదలుపెట్టేముందే ఎన్ని ఆటలో చెప్పి ఆడతాడు. మాటలు వినబడేటట్టు ఆడతాడు, చెవిలో తీగ పెట్టుకోడు. ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ మాటల సంగతి ఇంకా గమనించండి. ఆడగొంతు వింటే చాలు, కొందరు నోటికి వచ్చింది అంటారని మా మనవరాలు చెప్పింది. తనకు ఆ మైకు ఆపేయడం తెలుసంట. మాకు తెలీదు.

ఆ సభ్యుడి కొడుకు ఇప్పుడూ ఆడతాడు, ఆదివారం మాత్రం, నాయన పక్కన. నాయనకూ ఆట కొంచెం రుచి తగిలినట్టుంది, అది వేరే సంగతి. పిన్ మార్చినాడు. కొత్తది భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పాలవాడికి సాయంత్రం తనే గుంటలోంచి లేచి ఇస్తాడు.

భోజనాలైనాక వరండాలో మన పిల్లలు ముగ్గురు బల్ల వేసుకొని కూర్చుంటారు. కాలేజీ చదువుతున్నవాళ్లు. ప్లే స్టోరులో ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టిస్తారు. చిన్నపిల్లల సెల్లుకు గంటలు కట్టే ఫ్యామిలీ లింక్ కూడా వేసి చూపిస్తారు. మీ సెల్లు తీసుకొని పోండి, బిడ్డను కూడా వెంటబెట్టుకొని పోండి. పిన్ మార్చేటప్పుడు మాత్రం బిడ్డను కొంచెం పక్కకు చూడమనండి.