పనిచోటనే విద్య
(గూడూరు కులమహాసభయందు చేసిన యుపన్యాసము)



చేనేతవారికి శిక్షణశిబిరములు నేడు క్రొత్తవి కావు. శిబిరము ముగియును, ధ్రువపత్రము చేతికి వచ్చును. కాని నేర్చిన విద్య మగ్గముమీదికి దిగినదా యను ప్రశ్న మిగిలిపోవుచున్నది. దీనినిగూర్చియే నాలుగుమాటలు మనవి చేసెదను.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున నాట్యాచార్యు లిరువురు తమలో నెవరధికులని వివాదపడిరి. తీర్పరియైన పరివ్రాజిక గురువుల యాటను గాక శిష్యురాండ్ర యాటను చూపుమనెను. విద్య కలిగియుండుట వేరు, దానిని పరుల కందించుట వేరు. శిక్షకుని గొప్ప శిష్యుని చేతిలోనే తెలియును.

మనకు సమీపమందలి వెంకటగిరిని చూడుడు. అచ్చటి జాందానీనేతలో రంగునూలును నాడెతో గాక వ్రేళ్లతో పడుగులో నిమిడ్చి బుటా తీర్తురు. ఒక్క మగ్గమున నిరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి నేయుదురు. పెద్దవాని వ్రేళ్లను చూచుచు చిన్నవాడు నేర్చును. ఇదియే మన పూర్వుల కార్యశాల. కాని యందొక కొరత కలదు. నూలు నెంత బిగింపవలెనని యడిగిన, “చేతికే తెలియును” అని పెద్దవాడు చెప్పును. ఆ చేతి తెలివిని మాటలలోనికి రప్పించుటయే సభ నడపువాని పని. అతడు తాను తక్కువ పలికి, యెక్కువ యడుగవలెను.

చరిత్రయు నీ విషయమున గుణపాఠము చెప్పుచున్నది. 1906లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టనుగారు సేలమున ప్రభుత్వ నేతశాలను స్థాపించి, విసరు నాడెతో నేయుట నేర్పింపబూనిరి. నేతగాండ్రు గంటప్రకారము వచ్చిపోవు కట్టుబాటున కిష్టపడరైరి. సర్కారు పరిశ్రమలు నడపుట యిండియామంత్రికి సమ్మతము గాకపోవుటచే 1910లో నది మూతపడెను. తరువాత మదరాసు పరిశ్రమలశాఖవారు సంచారబృందములను గ్రామములకు పంపిరి. నేర్చువానిని శాలకు రప్పించుటకంటె విద్యనే వాని వాకిటికి కొనిపోవుట మేలని దీనివలన నెరుంగవలెను.

కావున మన సంఘము కార్యశాల నేర్పరచునప్పుడు ఈ నియమములు పాటింపవలెను. మొదట నేతగానికి చిక్కు ఎచ్చట గలదో యడిగి తెలిసికొనవలెను. పది పండ్రెండుగురకు మించి కూర్పరాదు. ఉపన్యాసము అరగంటతో ముగించి, తక్కిన ప్రొద్దంతయు మగ్గముకడనే గడపవలెను. తప్పిన నేతను పదిమందిలో నవ్వులపాలు చేయరాదు. నెల గడచిన పిమ్మట ఇంటింటికి పోయి, నేర్చినది నిలిచినదా యని చూడవలెను. 1992లో వెంకటగిరియందు నెలకొన్న చేనేత సాంకేతికవిద్యాసంస్థలో చదివిన మన పిల్లలను వృద్ధులతో జతపరచినచో శాస్త్రమును హస్తమును నొకచో కలియును.

దాతలకు నొక్క విన్నపము. ప్రొద్దంతయు నేసినగాని పొయ్యి రాజని యింటివాడు, కూలి పోగొట్టుకొని విద్యకు రాడు. విద్య నేర్పిన తమ కూలి తగ్గునేమో యని వృద్ధులును వెనుదీయుదురు. కావున నేర్చువానికి దినకూలియు, నేర్పువానికి గౌరవవేతనమును ముందుగా నేర్పరచి పిమ్మట పందిరి వేయుడు. పూలమాలలకును, జ్ఞాపికలకును వ్రయమగు ధనమును దీనికి మరలించిన చాలును.

పిల్లలు మగ్గము విడిచి కర్మాగారములకు పోవుచున్నారు. పోవువారిని నిందింపను, అన్నము పెట్టు పని యేదైనను గౌరవనీయమే. కాని నేర్వగోరువాడు మిగిలియుండగా నేర్పువాడు లేకపోయె నను నపవాదు మన కులమునకు రాకుండుగాక! వృద్ధుడొకడు గతించిన నతని వ్రేళ్లలోని విద్య యతనితోనే పోవును. దానిని గ్రంథములలో వెదకిన దొరకదు. ఈ సంవత్సరమే, ఒక్క వీథిలోనైనను, ఒక్క కార్యశాల జరుపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.